పవర్ అంటే ఏ పవర్?



ఈ ప్రసంగం ఒకే ఒక్క మాట గురించి. ఆ మాట ‘పవర్’. పుట్టుక ఇంగ్లీషులోనే అయినా తెలుగునాట దాన్ని ఎరగనివాళ్ళు అరుదు. నిన్న ఒక్క రోజులో ఈ మాట నా చెవిన ఎన్నిసార్లు పడుతుందో చూద్దామని కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. తెల్లవారుజామున పవర్ పోయింది. మా అమ్మగారి కళ్ళజోడు పవర్ మారిందని కళ్ళ డాక్టరు చెప్పారు. పాలు తెచ్చే రైతు తన బోరుకు ఐదు హార్స్ పవర్ మోటారు చాలడం లేదన్నాడు. టీవీ చర్చలో ఏ పార్టీ పవర్‌లోకి వస్తుందని వాదించుకున్నారు. పక్కింటి అమ్మాయి ‘టూ టు ది పవర్ ఆఫ్ త్రీ’ అని పైకి చదువుకుంటూ లెక్కలు చేసింది. సాయంత్రం వచ్చిన మిత్రుడు, అమెరికాలో ఉన్న కొడుకు ఇక్కడి స్థలం అమ్మడానికి తన పేర పంపిన పవర్ ఆఫ్ అటార్నీ చూపించాడు. గీతలు ఆరు. మాట ఒక్కటే. ఈ ఆరు పవర్‌లకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉందా? ఉంటే ఎంత?

ఈ ప్రశ్న నాకు తట్టింది తెలుగు వల్ల కాదు, టర్కీ భాష వల్ల. కొన్నేళ్ళ కిందట ఢిల్లీలో జరిగిన విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల సదస్సులో టర్కీ నుంచి వచ్చిన ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని నా పక్కన కూర్చున్నారు. మాటల సందర్భంలో, “మీ భాషలో పవర్‌ను ఏమంటారు?” అని అడిగాను. ఆమె వెంటనే, “ఏ పవర్?” అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వకుండా నా నోటుపుస్తకం తీసుకుని ఒకదాని కింద ఒకటి ఏడెనిమిది మాటలు రాశారు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. తరవాత నిఘంటువులూ వాళ్ళ పాఠ్యపుస్తకాలూ చూసి మరికొంత తెలుసుకున్నాను. మీకు చెప్పబోయేది అదే.

టర్కీ భాషకూ తెలుగుకూ చుట్టరికం లేదు. మనది ద్రావిడ కుటుంబం, వాళ్ళది తుర్కు కుటుంబం. అయినా పోలికలు బోలెడు. మనలాగే వాళ్ళూ క్రియను వాక్యం చివర పెడతారు. మనలాగే మాట చివర ప్రత్యయం మీద ప్రత్యయం తగిలిస్తూ పోతారు. ‘చేయగలను’ అని మనం ఒకే మాటలో చెప్పినట్టే వాళ్ళూ ‘యాపాబిలిరిమ్’ అని ఒకే మాటలో అంటారు. దానికితోడు అరబ్బీ, పారశీక మాటలు ఇటు గోల్కొండ, హైదరాబాదు దర్బారుల గుండా తెలుగులోకీ, అటు ఉస్మానియా సామ్రాజ్యం గుండా టర్కీ భాషలోకీ చేరాయి. అందుకే ఆ పేజీలో కొన్ని మాటలు నాకు ఎక్కడో చూసిన ముఖాల్లా అనిపించాయి.

మొదటి మాట ‘గ్యుచ్’. మొదటి అచ్చు పలకాలంటే పెదవులు ‘ఉ’కు పెట్టినట్టు గుండ్రంగా పెట్టి ‘ఇ’ అనాలి. ప్రయత్నించి చూడండి, మొదట్లో ఈల వేస్తున్నట్టుంటుంది. ఇది అచ్చమైన తుర్కు మాట. మంగోలియాలో దొరికిన ఎనిమిదో శతాబ్దపు తుర్కు శిలాశాసనాల్లో కూడా దీని పాత రూపం ఉంది. భౌతికశాస్త్రంలో పవర్ అంటే, అంటే సెకనుకు ఎంత పని జరిగిందో చెప్పే రాశి అంటే, టర్కీ పాఠ్యపుస్తకంలో ‘గ్యుచ్’. మామూలు మాటల్లోనూ అదే. ఖరీదైన వస్తువు చూసి “గ్యుజ్యుమ్ యెత్మియోర్” అంటారు. మనం “నా శక్తి చాలదు” అంటామే, అచ్చం అదే. ఇదే రూపంలో ఉన్న మరో మాటకు ‘కష్టం’ అని కూడా అర్థం. గ్యుచ్ పని అంటే కష్టమైన పని. ‘జోర్’ అనే మాటా అంతే. పారశీకం నుంచి వచ్చిన ఆ మాట మనకు ‘జోరు’ అయింది, వాన జోరుగా పడుతుంది, వ్యాపారం జోరుగా సాగుతుంది. వాళ్ళకు అదే మాట ‘కష్టం’ అయి కూర్చుంది. ఒకే ఇంటి పిల్లలు వేరువేరు ఊళ్ళలో స్థిరపడితే ఇలాగే ఉంటుంది.

రెండో మాట ‘కువ్వెత్’. అరబ్బీ నుంచి వచ్చింది. భౌతికశాస్త్రంలో దీని అర్థం పవర్ కాదు, ఫోర్స్, మన బలం. న్యూటన్లలో కొలిచేది ఇదే. కానీ తరగతి గది దాటగానే ఈ మాట చాలా పనులు చేస్తుంది. వాళ్ళ వైమానిక దళం పేరులో కువ్వెత్ ఉంది. శాసనసభ, ప్రభుత్వం, న్యాయస్థానం వేరువేరుగా ఉండాలనే రాజ్యాంగ సూత్రాన్ని ఇంగ్లీషువాళ్ళు పవర్ల విభజన అంటే, టర్కీవాళ్ళు కువ్వెత్‌ల విభజన అంటారు, మనం అధికార విభజన అంటాం. అంతటితో ఆగదు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, వీటిని ఇంగ్లీషులో రెండు తాలూకు పవర్లు అంటారు కదా, టర్కీ లెక్కల మాస్టారు వీటిని రెండు తాలూకు కువ్వెత్‌లు అంటాడు. కాబట్టి వాళ్ళ దగ్గర అంతా చక్కగా వేరుచేసి పెట్టారనుకోకండి. అర్థాల మూటలు వాళ్ళకూ ఉన్నాయి. ఇంగ్లీషులో ఒక మూటలో పడినవి అక్కడ వేరే మూటల్లో పడ్డాయి, అంతే. నేర్చుకునేవాడికి ఉపయోగపడేది సరిగ్గా ఇదే. రెండు భాషల మూటలు పక్కపక్కన పెట్టి విప్పితే ఏ అర్థం ఎక్కడిదో కనబడుతుంది.

లెక్కల్లో రెండు మీద చిన్నగా రాసే మూడును వాళ్ళు ‘యుస్’ అంటారు. ఇదీ అరబ్బీయే. తమాషా ఏమిటంటే, సైనిక స్థావరానికి కూడా వాళ్ళ మాట ‘యుస్’. మనం కింద ఉండేదాన్ని స్థావరం అంటాం, వాళ్ళ లెక్కల్లో అదే మాట పైకెక్కి కూర్చుంది. ఇక చదివేటప్పుడు ఏమంటారంటే, ‘ఇకి యుజెరి యుచ్’, అంటే రెండు, దాని పైన మూడు. కంటికి కనబడేదే చెబుతారు. మన పిల్లలు ‘టు ది పవర్ ఆఫ్’ అని నాలుగు మాటలు పలికే లోపల వాళ్ళు లెక్క చేసేస్తారు.

మన ‘ఘాతం’ సంగతీ చూద్దాం. ఘాతం అంటే దెబ్బ. విద్యుద్ఘాతం అంటే కరెంటు షాకు. మరి లెక్కల్లో ఈ దెబ్బ ఎందుకొచ్చింది? ప్రాచీన భారతీయ గణితంలో గుణకారానికి వాడిన మాటల్లో కొట్టడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చినవి ఉన్నాయి, ఘాతం అంటే లబ్ధం అని అర్థం. రెండును రెండుతో మళ్ళీ మళ్ళీ కొడితే ఘాతాలు. ఈ సంగతి చెబితే పిల్లలు ఘాతాంకాల పాఠం ఎప్పటికీ మరిచిపోరు. చెప్పకపోతే, ‘వర్గం’ అనగానే ఊళ్ళో కొట్టుకునే రెండు వర్గాలు గుర్తొచ్చి, వాటికీ నాలుగు భుజాల చదరానికీ ఏమిటి సంబంధమని తల గోక్కుంటారు.

అసలు లెక్కల్లోకి పవర్ ఎలా వచ్చింది? ప్రాచీన గ్రీకు గణితజ్ఞులు ఒక రేఖ మీద నిర్మించే చదరాన్ని ‘డునామిస్’ అన్నారు. డునామిస్ అంటే సామర్థ్యం, చేయగలగడం. ఆ రేఖ ఎంత చదరాన్ని ఇవ్వగలదో అది దాని డునామిస్. గ్రీకు నుంచి లాటిన్‌లోకి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి అనువదించుకుంటూ వచ్చేసరికి అది పవర్ అయింది. డైనమో, డైనమైట్, డైనమిక్స్, ఇవన్నీ ఆ డునామిస్ పిల్లలే. ఇంగ్లీషు పవర్ మాత్రం ఫ్రెంచి మీదుగా లాటిన్‌లోని ‘పోస్సే’ నుంచి వచ్చింది. పోస్సే అన్నా చేయగలగడమే. పాసిబుల్, పొటెన్షియల్ దాని తోబుట్టువులు. కాబట్టి మొదట నేను అడిగిన ప్రశ్నకు జవాబు, అవును, ఆరు పవర్‌లకూ సంబంధం ఉంది. అన్నిటి అడుగునా ‘చేయగలగడం’ ఉంది. కళ్ళజోడు కాంతిని వంచగలదు, మోటారు నీళ్ళు తోడగలదు, పార్టీ శాసనం చేయగలదు, కాగితం చేతిలో ఉన్న తండ్రి కొడుకు బదులు సంతకం చేయగలడు.

కానీ మూలం ఒకటైనంత మాత్రాన ఇప్పటి అర్థం ఒకటి కాదు. ఇక్కడే పిల్లలు జారిపడతారు. ఒకసారి తరగతిలో ఒక పాప, “కళ్ళజోడుకు పవర్ ఉంటే దానికి సెల్ ఎక్కడ పెడతారు సార్?” అని అడిగింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదని చెప్పుకోవాలని ఉంది కానీ, కొంచెం నవ్వాను. నిజానికి ఆ పాప అడిగినది మంచి ప్రశ్న. కటక సామర్థ్యం అంటే నాభ్యంతరాన్ని మీటర్లలో తీసుకుని ఒకటిని దానితో భాగిస్తే వచ్చే సంఖ్య. మా అమ్మగారి ప్లస్ రెండున్నర అంటే 40 సెంటీమీటర్ల నాభ్యంతరం. అందులో వాట్లూ లేవు, సెకన్లూ లేవు. టర్కీలో ఆ పాపకు ఈ సందేహమే వచ్చి ఉండేది కాదు. అక్కడ కళ్ళజోడుకు ఉండేది ‘నుమరా’, అంటే నంబరు. హిందీవాళ్ళూ నంబరే అంటారు. మనం పట్టుబట్టి పవర్ అన్నాం.

కరెంటు సంగతి మరీ చిత్రం. తెలుగువాళ్ళకు కరెంటు అంటే ప్రవాహం కాదు. కరెంటు పోయింది, కరెంటు బిల్లు, కరెంటు స్తంభం, కరెంటు ఆఫీసు. ఇంగ్లీషువాడు పవర్ అనే చోటల్లా మన వీధి కరెంటు అంటుంది. ఇది మన చదువుకోనితనం అనేవాళ్ళున్నారు. నా పక్కన కూర్చున్న ఉపాధ్యాయిని పేజీలో ‘జెరెయాన్’ అనే మాట ఉంది. అరబ్బీలో దాని అర్థం పారడం. వాళ్ళ పెద్దలు విద్యుత్తును జెరెయాన్ అనేవారు, ఇప్పటికీ కొందరు అంటారు. కిటికీలోంచి వచ్చే చలిగాలినీ అదే మాటతో పిలుస్తారు. అంటే మన పల్లెటూరి కరెంటూ ఇస్తాంబుల్ తాతగారి జెరెయానూ ఒకే ఆలోచన. ఇప్పుడు వాళ్ళు ఎక్కువగా ‘ఎలెక్త్రిక్లెర్ గిత్తి’ అంటారట. గిత్తి అంటే వెళ్ళింది, పోయింది. మనం “కరెంటు పోయింది” అన్నట్టే. పవర్ ఫెయిలవడం ఇంగ్లీషువాడికే, మన రెండు ఊళ్ళలోనూ అది ఊరికే అలా వెళ్ళి వస్తుంది.

రాజకీయపు పవర్‌కు వాళ్ళ మాట ‘ఇక్తిదార్’. పాలక పక్షం ఇక్తిదార్ పక్షం. పందొమ్మిదో శతాబ్దంలో యూరపులోని పెద్ద రాజ్యాలను, ఇంగ్లీషులో గ్రేట్ పవర్స్ అన్నవాటిని, ఉస్మానియా దొరలు ‘దువెల్’ అన్నారు. అది ‘దెవ్లెత్’కు బహువచనం. దెవ్లెత్ అంటే రాజ్యం. మన ‘దౌలతు’ అదే మాట. మనకు సంపద, వాళ్ళకు ప్రభుత్వం. రెండూ ఒకే చోట ఉంటాయని ఎవరైనా అంటే భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు, ఓటర్లు ఒప్పుకోవచ్చు. ఇక నా మిత్రుడు చూపించిన కాగితం టర్కీలో ‘వెకాలెత్‌నామె’. వకీలు, వకాలతు మనకు కొత్తవా? మన పాత దస్తావేజుల్లో పవర్ ఆఫ్ అటార్నీని ముక్త్యార్‌నామా అనేవారు. ముక్త్యారు అంటే మనకు ఏజెంటు. టర్కీలో ‘ముహ్తార్’ అంటే ఊరివాళ్ళు ఎన్నుకున్న గ్రామపెద్ద.

ఇంతవరకు సరదాగానే సాగింది. ఇప్పుడు నన్ను బాధపెట్టే విషయానికి వస్తాను.

ఇరవై ఏళ్ళు దాటింది. తొమ్మిదో తరగతి తెలుగు మాధ్యమం పిల్లలకు పని, శక్తి పాఠం మీద పరీక్ష పెట్టాను. 5 హార్స్ పవర్ మోటారు రెండు గంటలు నడిస్తే ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయన్నది లెక్క. ఒక కుర్రవాడు, నాన్న వ్యవసాయం, ఇంట్లో అదే మోటారు, అంతా సరిగ్గా చేశాడు. హార్స్ పవర్‌కు 746 వాట్ల చొప్పున 3,730 వాట్లు, రెండు గంటలకు 7.46 యూనిట్లు. కానీ మొదటి వరసలో “మోటారు శక్తి 3,730 వాట్లు” అని రాశాడు. శక్తికి ప్రమాణం జౌల్, వాట్లలో చెప్పేది సామర్థ్యం. ఎర్ర ఇంకుతో కొట్టేసి రెండు మార్కులు తీసేశాను. సాయంత్రం ఉపాధ్యాయుల గది గుమ్మం దగ్గర నిలబడి, “సార్, మరి అశ్వశక్తి వాట్లలో ఎందుకుంది?” అని అడిగాడు. నాకు జవాబు లేదు. జవాబు లేని ఉపాధ్యాయుడు చేసే పనే చేశాను. పుస్తకంలో ఉన్నట్టు రాయమన్నాను. ఆ ఏడాదంతా ఆ పిల్లవాడు మళ్ళీ నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.

అతను అడిగినది ఎంత న్యాయమో చూడండి. ఎనర్జీకి శక్తి, పవర్‌కు సామర్థ్యం, ఫోర్స్‌కు బలం అని మన పుస్తకాలు నిర్ణయించాయి. సరే. కానీ హార్స్ పవర్‌ను అశ్వశక్తి అన్నాం, అశ్వసామర్థ్యం అనలేదు. ఇంకో చిక్కు. హిందీ పాఠ్యపుస్తకాల్లో శక్తి అంటే ఎనర్జీ కాదు, పవర్. ఎనర్జీకి వాళ్ళ మాట ఊర్జ. అంటే శక్తి అనే ఒకే సంస్కృత పదం ఆదిలాబాదులో జౌల్‌లలోనూ, పెన్‌గంగ దాటి నాగపూరులో హిందీ బడికి వెళ్తే వాట్లలోనూ ఉంటుంది. కన్నడంవాళ్ళు మనలాగే శక్తి, సామర్థ్యం అన్నారు. తమిళులు సంస్కృతం జోలికే పోకుండా ఆట్రల్, తిరన్, విసై అని తమ మాటలే పెట్టుకున్నారు. శాస్త్ర, సాంకేతిక పదావళి కోసం కేంద్రం 1961లో ఒక సంఘాన్ని ఏర్పాటు చేసింది, ఉన్నత విద్యకు తెలుగు పుస్తకాల కోసం 1968లో తెలుగు అకాడమి వచ్చింది. చాలా పని జరిగింది. కానీ ఒక భాషలో కుదిరిన మాట పక్క భాషలో వేరే రాశికి పెట్టేశాక, వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

ఇది మన అజ్ఞానం వల్ల అనుకుంటే పొరపాటు. ఇంగ్లీషూ జర్మనూ మాట్లాడే మహా శాస్త్రజ్ఞులే ఈ మాటల మధ్య చాలాకాలం తడుముకున్నారు. ఎనర్జీ అనే మాటను థామస్ యంగ్ 1807లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో నేటి అర్థానికి దగ్గరగా వాడాడు. అయినా 1847లో హెల్మ్‌హోల్ట్జ్ శక్తి నిత్యత్వం గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథానికి పెట్టిన పేరులో ఉన్నది జర్మన్ భాషలో బలం అనే అర్థమిచ్చే మాట. 1857లో ఫారడే ఇచ్చిన ఉపన్యాసం పేరు కూడా బలం నిత్యత్వమే. వాళ్ళు రాసింది తప్పు అని ఎవరూ మార్కులు తీయలేదు. మాటలు ఇంకా స్థిరపడలేదని అర్థం చేసుకున్నారు.

మరి అసలు తేడా ఏమిటి? మాటలు పక్కన పెట్టి మెట్లెక్కుదాం. 60 కిలోల మనిషి పది మీటర్ల ఎత్తు, అంటే సుమారు మూడంతస్తులు ఎక్కాడనుకోండి. భూమ్యాకర్షణకు ఎదురుగా అతను చేసిన పని సుమారు 5,900 జౌల్‌లు. నిమిషంలో ఎక్కినా, ఇరవై సెకన్లలో పరుగెత్తినా ఈ అంకె మారదు. ఇది శక్తి లెక్క. నిమిషంలో ఎక్కితే సెకనుకు దాదాపు 98 జౌల్‌లు, అంటే 98 వాట్లు. ఇరవై సెకన్లలో ఎక్కితే 294 వాట్లు. ఇది సామర్థ్యం, టర్కీవాడి గ్యుచ్. పైకి చేరాక ఆయాసం ఎందుకు తేడాగా ఉంటుందో ఈ రెండో అంకె చెబుతుంది. మనం రోజుకు తినే తిండి సుమారు 2,000 కిలో కేలరీలు అనుకుంటే, దాన్ని ఇరవై నాలుగు గంటల సెకన్లతో భాగిస్తే దాదాపు 97 వాట్లు వస్తాయి. మనిషి రాత్రింబవళ్ళు వెలిగే పాతకాలపు వంద వాట్ల బల్బులాంటివాడు. రోజుకు ఖర్చు రెండు యూనిట్ల పైచిలుకు.

వాట్ అనే ప్రమాణం పేరు వెనక ఉన్న జేమ్స్ వాట్ గుర్రాల సంగతి కూడా చెప్పాలి. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెబితే తప్ప కొనేవాళ్ళు నమ్మరని, ఒక గుర్రం నిమిషానికి 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తగలదని లెక్కగట్టాడు. అదే 746 వాట్లు. టర్కీవాళ్ళు దీన్ని ‘బెయ్‌గిర్ గ్యుజ్యు’ అంటారు. కారు కొనేటప్పుడు “ఎన్ని బెయ్‌గిర్లు?” అని అడుగుతారు. బెయ్‌గిర్ పారశీకపు ‘బార్‌గీర్’, బరువు మోసేది. మరాఠా సైన్యంలో సర్కారు గుర్రం మీద స్వారీ చేసే సిపాయికి బార్‌గీర్ అని పేరు. గుర్రం పేరు మనిషికి ఎక్కింది. చూడండి, ఇక్కడ టర్కీవాళ్ళు తప్పటడుగు వేయలేదు. పవర్‌కు గ్యుచ్ అన్నారు, హార్స్ పవర్‌కూ గ్యుచ్ అన్నారు. మా కుర్రవాడు అక్కడ పుట్టి ఉంటే రెండు మార్కులు పోయేవి కావు.

ఈ తేడా పరీక్షల కోసం మాత్రమే కాదు. మీ కరెంటు బిల్లు తీసి చూడండి. అందులో కిలోవాట్లలో లోడు ఒకచోట, యూనిట్లు ఇంకోచోట ఉంటాయి. మొదటిది సామర్థ్యం, రెండోది శక్తి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంట నడిస్తే ఒక యూనిట్. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు సుమారు 111 గంటలు వెలిగితే అదే ఒక యూనిట్. ఫలానా చోట వంద మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం అని పత్రికలో చదివితే, అది మిట్టమధ్యాహ్నం ఇవ్వగల సామర్థ్యం. రాత్రి దాని మెగావాట్లు సున్నా. ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇస్తుందన్నది వేరే ప్రశ్న, మనకు కావలసినది తరచుగా అదే. ఈ తేడా తెలియని పౌరుణ్ణి మెగావాట్ల అంకెలతో మురిపించడం తేలిక.

టర్కీవాళ్ళు ఈ మాటల పనిని ఎంత పట్టుదలగా తీసుకున్నారో ఒక్క సంగతి చెబుతాను. 1928లో వాళ్ళు అరబ్బీ లిపి వదిలి లాటిన్ లిపికి మారారు. 1932లో భాషా సంఘం ఏర్పడింది. 1936–37 చలికాలంలో దేశాధ్యక్షుడు ముస్తఫా కెమాల్ అటాటర్క్ స్వయంగా కూర్చుని రేఖాగణితం మీద చిన్న పుస్తకం రాశాడు. 1937లో అది ఆయన పేరు లేకుండా అచ్చయింది. అంతకుముందు త్రిభుజాన్ని ‘ముసెల్లెస్’ అనేవారు, ఆ పుస్తకం దాన్ని ‘యుచ్‌గెన్’ చేసింది. యుచ్ అంటే మూడని మీరు ఇందాక విన్నారు. ప్లస్‌కు పెరగడం అనే క్రియ నుంచి, మైనస్‌కు తక్కువ అనే మాట నుంచి కొత్త పేర్లు కట్టారు. పల్లెటూరి పిల్లవాడికి మాట వినగానే సగం అర్థం తెలియాలన్నది ఉద్దేశం. మన కూడిక, తీసివేత అలాంటివే, వాటిని ఎవరూ ప్రభుత్వ ఉత్తరువుతో తేలేదు.

అయినా అన్నీ మార్చలేకపోయారు. కువ్వెత్, యుస్, ఇక్తిదార్ అరబ్బీ మాటలుగానే మిగిలాయి. ఎనర్జీని ‘ఎనెర్జి’ అని ఉన్నదున్నట్టు తీసుకున్నారు. నాకు ఈ కలగూరగంపే నచ్చింది. అచ్చ తెలుగు మాటే కావాలని పట్టుబట్టేవారితోనూ, అంతా ఇంగ్లీషే మేలనేవారితోనూ నాకు పేచీ ఉంది. మాట ఎక్కడిదన్నది రెండో ప్రశ్న. ఒక మాట ఒక రాశికే కట్టుబడి ఉందా అన్నది మొదటి ప్రశ్న. ‘పని’ని చూడండి. పొలంలో చేసేదీ పనే, బలాన్ని స్థానభ్రంశంతో గుణిస్తే వచ్చేదీ పనే. టర్కీ ‘ఇష్’ కూడా అంతే, ఉద్యోగమూ అదే, భౌతికశాస్త్రపు పనీ అదే. ఆ ఒక్కచోట జాగ్రత్త చెబితే చాలు, పిల్లలు అర్థం చేసుకుంటారు.

నేను ఇప్పుడు తరగతిలో ఏం చేస్తున్నానో చెప్పి ముగిస్తాను. పవర్ అనే మాట ఎవరు పలికినా, ఆ ఉపాధ్యాయిని నన్ను అడిగినట్టే, “ఏ పవర్?” అని అడుగుతాను. జవాబుగా పర్యాయపదం అడగను, ప్రమాణం అడుగుతాను. వాట్లా, డయాప్టర్లా, వట్టి సంఖ్యా, లేక కొలవడానికే వీల్లేనిదా? అశ్వశక్తి దగ్గరికి వచ్చినప్పుడు, ఈ పేరు పెట్టినవాళ్ళు శక్తి అన్నారు కానీ ఇది సామర్థ్యమే, తప్పు పేరుది, మీది కాదు అని ముందే చెబుతున్నాను. ఆ కుర్రవాడికి చెప్పవలసిన జవాబు అదే. ఎక్కడున్నాడో తెలియదు.

మీరు కూడా ప్రయత్నించండి. కింది వాక్యాల్లో ప్రతిచోటా పవర్ ఉంది. ప్రమాణం రాయండి, తరవాత పవర్ అనే మాట వాడకుండా తెలుగులో చెప్పండి. మా ఇంటి మిక్సీ పవర్ 500. మా చెల్లి కళ్ళజోడు పవర్ మైనస్ రెండు. పది పవర్ ఆరు అంటే మిలియన్. పంచాయతీకి ఆ పవర్ లేదు. నిన్నటి గాలివానకు మూడు గంటలు పవర్ లేదు. ఈ నెల మా ఇంట్లో 180 యూనిట్ల పవర్ వాడాం. చివరి వాక్యం దగ్గర కాస్త ఆగండి.